గుంటలకు పాట నేర్పిన తల్లి

ప్రిస్కిల్లాకు కోకిల పేరెత్తితే ఒళ్లు మండుతుంది. చెట్టు మీద కూసే కోకిలతో ఆవిడకు పేచీ లేదు, పేపర్లో కూసే కోకిలతోనే. జిల్లాలో ఏ ఆడమనిషైనా మైకు ముందు నిలబడి రెండు చరణాలు పాడితే చాలు, తెల్లారేసరికి కోకిల అయిపోతుంది. బొబ్బిలిలో పాడితే బొబ్బిలి కోకిల, పార్వతీపురంలో పాడితే మన్యం కోకిల. విజయనగరంలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జర్నలిజం పిల్లలకు ఆవిడ చెప్పే మొదటి పాఠం ఇదే. "ఈ లెక్కన మన వైపు కాకులకు చెట్టు దొరకదు" అని తను నవ్వకుండా అంటుంది. పిల్లలు నవ్వుతారు. నవ్వినవాళ్లను నిలబెట్టి, "మీ ఊళ్లో బాగా పాడేది ఎవరు? కోకిల అనకుండా ఆ గొంతు ఎలా ఉంటుందో చెప్పు" అంటుంది. అప్పుడు నవ్వులు ఆగిపోతాయి.

ఆ రోజు సంగీత పత్రికల ముఖచిత్రాల పాఠం. బోర్డు నిండా అట్టలు అంటించింది.

"ఈయన్ని చూడండి. కళ్లు మూసుకున్నాడు, కెమెరా ఉందన్న ధ్యాసే లేనట్టు. పేరు లావుపాటి అక్షరాల్లో వేసి కింద నాదయోగి అన్నారు. ఊరు లేదు, తిండి లేదు, ఎండ లేదు. యోగికి అవన్నీ ఎందుకు? ఇప్పుడు ఈవిణ్ని చూడండి. గొర్రెలు కాసుకునే మనిషి. కళ్లు పెద్దవి చేసి మనకేసే చూస్తోంది. పేరు చీమ తలకాయంత. ఊరి పేరు దానికన్నా పెద్దది. అన్నిటికన్నా పెద్దది చంకలో గొర్రెపిల్ల. ఆ పాట ఏ వరసలో ఉంటుందో, ఎవరి దగ్గర నేర్చుకుందో లోపల ఎక్కడైనా రాశాడా? నేను ఆసాంతం చదివాను. గొర్రెపిల్ల పేరు రాశాడు."

వెనక బెంచీ నుంచి ధర్మేంద్ర లేచాడు. రాజాంలో ధాన్యం వ్యాపారం చేసే ఇంటి కుర్రాడు, క్లాసులో ఎక్కువ మాట్లాడే రకం. చేతిలో కొత్త పత్రిక ఊపాడు.

"మేడమ్, ఈ నెల స్వరపేటిక వచ్చింది. అట్ట మీద మన నౌపడ ఉన్నాది, సూడండి."

స్వరపేటిక హైదరాబాదు నుంచి వచ్చే సంగీత మాసపత్రిక. నున్నటి కాగితం, లోపల సగం నగల ప్రకటనలు. ప్రిస్కిల్లా అందుకుని చూసింది. అట్ట మీద ఉన్నది సాక్షాత్తు ఆవిడ పెద్దమ్మ అప్పలమ్మ. తల్లికి తోడబుట్టిన అక్క. నౌపడ ఉప్పు మడుల్లో పుట్టి పెరిగి, అక్కడే పార పట్టి, బాప్టిస్టు చర్చిలో ముప్పొద్దులా పాడిన మనిషి. రెండు దోసిళ్లలో ఉప్పు పట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, అచ్చం గొర్రెలావిడలాగే మనకేసి చూస్తోంది. క్షణంపాటు ప్రిస్కిల్లాకు గుండె ఉప్పొంగింది. ఎంతైనా ఇంటి మనిషి. తర్వాత కింద అక్షరాలు చదివింది.

'ఉప్పు గుంటలకు పాట నేర్పిన తల్లి.'

రెండోసారి చదివింది. లోపలి పేజీ తిప్పింది. 'సాయంసంధ్యలో గట్టు మీద కూర్చుని ఆ తల్లి గుంటలకు పాట నేర్పుతుంది. గుంటలు వింటాయి. అలలై బదులు పలుకుతాయి. మనిషికి నేర్పడం ఎవరికైనా వచ్చు, నీటికి నేర్పడం ఆమెకే వచ్చు.'

"చచ్చినోడా" అంది ప్రిస్కిల్లా క్లాసులోనే.

జరిగిందేమిటో ఆవిడకు కళ్లకు కట్టింది. విశాఖపట్నం దాటి కిందికి వెళితే గుంట అంటే గొయ్యి. ఇక్కడ గుంట అంటే ఆడపిల్ల, గుంటడంటే మగపిల్లాడు, అందరినీ కలిపి పిలిస్తే గుంటలు. ఈ సంగతి ఉత్తరాంధ్రలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అప్పలమ్మ ఆ హైదరాబాదు మనిషితో 'మా గుంటలకి పాట నేర్పినాను బాబూ' అని ఉంటుంది. ఆ పెద్దమనిషి ఏసీ కారు దిగి, ఉప్పు మడులకేసి చూసి, నీళ్లు నిలిచిన ప్రతిదీ గుంటే కాబట్టి, వాటికి సంగీతం చెప్పించేశాడు. నౌపడలో ఉప్పు పండేది మడిలో. దాన్ని గుంట అనేవాడు ఆ ఊళ్లో పుట్టలేదు. ఆ సంగతైనా అడిగి తెలుసుకోవచ్చు కదా? అడిగితే కవిత్వం చెడిపోతుంది. పోనీ పిల్లలు కనబడలేదా అంటే, కనబడ్డారు. అతని ముందు వరసగా నిలబడి పాడారు కూడా. ఫొటోలో ఎడమ అంచున ఒక చిన్న మోచేయి మిగిలిపోయింది. మిగతా పిల్లల్ని కత్తిరించేసి ఉప్పును ఉంచుకున్నారు.

ప్రిస్కిల్లా ఆ మోచేయి మీద వేలు పెట్టి క్లాసుకు చూపించింది. "ఇది మెర్సీ చెయ్యి. మా పెద్దమ్మ పక్కన ఎప్పుడూ నిలబడి పాడే పదమూడేళ్ల పిల్ల. గుంట అంటే ఇదిగో, ఇది."

క్లాసంతా పగలబడి నవ్వింది. నవ్వదగ్గ సంగతే. కానీ ప్రిస్కిల్లాకు మాత్రం లోపల ఒక భయం మొదలైంది.

ఆ భయానికి కారణం ఉంది. ఏటా విజయనగరంలో గాననిధి సమితి అని ఒకటి గాన సంబరాలు జరుపుతుంది. నౌపడ పిల్లల్ని ఆ వేదిక ఎక్కించడానికి ప్రిస్కిల్లా ఏడాది పొడుగునా ఆ సమితి గుమ్మం అరగదీసింది. ఆ పిల్లల్లో సగం చర్చి వాళ్లు, సగం పక్క వీధిలో రైతుల ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు. పాట దగ్గర ఆ తేడా లేదు. క్రిస్మస్ పందిరి తప్ప వాళ్లు వేరే స్టేజీ ఎరగరు. సంబరాలకు సంగీతం చెప్పే పెద్దలు వస్తారు, సంగీత కళాశాలలో సీట్లు ఇవ్వగలిగినవాళ్లు. మెర్సీ గొంతు ఒక్కసారి వాళ్ల చెవిన పడితే చాలు, ఆ పిల్ల ఉప్పు మడిలో పార పట్టనక్కర్లేదు. అంతే ఆవిడ ఆశ. సమితి వాళ్లు సరేనన్నారు. పిల్లలకు తెల్లచొక్కాలు, నీలం గౌన్లు కుట్టించడం కూడా అయిపోయింది. ఈ అట్ట చూశాక వాళ్లు కూడా పిల్లల్ని కత్తిరించేస్తే?

మర్నాడు జిల్లా పేపరు చూసేసరికి ఆవిడ భయం ఇంకో మెట్టు ఎక్కింది. 'జాతీయ స్థాయికి ఉప్పు గుంటల కోకిల.' స్వరపేటిక ఏనాడు జాతీయ స్థాయి అయిందో ఆ దేవుడికే తెలియాలి. రాసినవాడు గంగులు, టెక్కలి విలేకరి, ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నవాడు. ఫోను చేసింది.

"గంగులూ, మీ ఇంటికాడ గుంటలంటే ఏటి?"

"పిల్లలేనండి మేడమ్."

"మరి నీ వార్తలో గోతులెలాగైపోనారు?"

"పెద్ద బుక్కులో అలాగే వచ్చీసింది కదండి. మనం పిల్లలని రాస్తే డెస్కు వోల్లు జిల్లా పేజీ అడుగుకి తోసేస్తారు. పిల్లలు పాడితే వార్తేటి మేడమ్? గుంటలు పాడితే వార్త."

"నీకు తెలిసే రాసినావా?"

"తెలీకపోడమేటి మేడమ్, నాను ఇక్కడోడినే కదా" అని నవ్వాడు వెధవ.

నిద్రపోయేవాణ్ని లేపవచ్చు, నిద్ర నటించేవాణ్ని లేపలేం. హైదరాబాదువాడు తెలియక రాశాడు. ఇతగాడు తెలిసి రాశాడు. ప్రిస్కిల్లాకు మొదటివాడి మీద జాలి లాంటిదేదో కలిగింది, రెండోవాడి మీద అసహ్యం తప్ప ఇంకేం కలగలేదు.

అనుకున్నంతా అయింది. నాలుగు రోజులు తిరక్కుండా సమితి కార్యదర్శి జగన్నాధం కబురు చేశాడు. రిటైరైన ఆఫీసరు, పట్టు పంచె, మాట్లాడేటప్పుడు తన మాటలు తనే విని మురిసిపోయే గుణం. బల్ల మీద స్వరపేటిక ఉంది.

"అమ్మగారి కార్యక్రమం ముందుకు జరిపామమ్మా. ముఖ్య అతిథి ఉండగానే. వేదిక మీద ఉప్పు గుంటల సెట్టు కూడా వేయిస్తున్నాం. ఆవిడొక్కరే కూర్చుని పాడతారు. పిల్లలు అక్కర్లేదు."

"అసలు పాడేది పిల్లలేనండి. ఆవిడ ఎత్తుతుంది, వాళ్లు అందుకుంటారు. గుంటలంటే పిల్లలే. మీరూ ఇక్కడివారే, మీకు తెలియదా?"

జగన్నాధం చేయి ఊపాడు. "తెలుసమ్మా. మా అమ్మ నన్ను గుంటడా అనే పిలిచేది. కానీ పిల్లలకి పాట నేర్పడం ఎవరూ చెయ్యనిదా? ప్రతి బళ్లోనూ ఉన్నదే. గుంటలకి నేర్పడం, అందులో ఓ తాత్వికత ఉంది. పైగా సెట్టుకి అడ్వాన్సు ఇచ్చేశాం."

కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు, కానీ ప్రిస్కిల్లాది పుట్టుకతో వచ్చిన దురద. అక్కడే కూర్చుంది. అబద్ధానికి సెట్టు వేయిస్తారా అంది. పత్రికకు ఉత్తరం రాస్తానంది. ఆ ఉత్తరం వేరే పేపర్లో వేయిస్తానంది. కార్యదర్శిగారికి కళ మీద ఎంత ప్రేమ ఉన్నా, గొడవ మీద అంత ప్రేమ లేదు. చివరికి ఒక మెట్టు దిగాడు.

"సరే. పిల్లల్ని తీసుకురండి. వెనక వరసల్లో కూర్చోబెట్టండి. యాంకరమ్మాయి ఎలాగూ అడుగుతుంది, గుంటలకి పాట ఎలా నేర్పారని. అమ్మగారే తన నోటితో గుంటలంటే మా పిల్లలండీ అని చెబితే, అప్పటికప్పుడు పైకి పిలుద్దాం. అదీ బాగానే పండుతుంది. ఆవిడ చెప్పాలి మరి. మీరు కాదు."

ఇంత తేలిక షరతు ఉంటుందా అనుకుంది ప్రిస్కిల్లా. ఆ ఆదివారమే రైలెక్కి నౌపడ వెళ్లింది.

అప్పలమ్మ ఇంటి ముందు గదిలో ముఖచిత్రం అద్దం కట్టించి ఉంది. ఏసుదానం పాస్టరుగారు ఆరాధనలో లేచి నిలబడి వ్యాసమంతా చదివారట. పలాస నుంచి, ఇచ్ఛాపురం నుంచి మనుషులు వచ్చి ఫొటోలు దిగి వెళుతున్నారట.

"తల్లి అని ఏసినారు సూసినావా?" అంది అప్పలమ్మ. "పెల్లీ లేదు, పిల్లా లేదు. ఈ ఊరోల్లు నన్ను ఏటేటో అన్నారు గాని, ఇన్నాల్లకి తల్లి అన్నోడు ఆడొక్కడే."

"ఆ మాట సరే పెద్దమ్మా. గుంటలని గోతులు సేసీసినాడు కదా."

"ఆడికి మన మాట తెలీదు పాపం. నాను సెప్తాన్లే. గుంటలంటే మా గుంటలే బాబూ అని సెప్పీడం, అదేటి కట్టం?"

సాయంత్రం పిల్లలు వచ్చారు. అప్పలమ్మ అరుగు మీద కూర్చుని పాట ఎత్తింది. ఆవిడ సొంతంగా కట్టిన పాట అది. ఆవిడ అడుగుతుంది, పిల్లలు చెబుతారు.

"ఎండలోన నీల్లెండితే ఏటౌతాది?"

"ఉప్పౌతాది, తెల్లనుప్పౌతాది."

"కల్లలోన నీల్లెండితే ఏటౌతాది?"

ఇక్కడ మెర్సీ ఒక్కతే ముందు అందుకుంటుంది. "పాటౌతాది ప్రెబువా, పాటౌతాది." ఆ పిల్ల గొంతు సన్నగా మొదలై, సాగేకొద్దీ వెడల్పవుతుంది. దాని వెనక పక్క వీధి జగ్గమ్మ మనవడు నరేష్, తర్వాత అందరూ కలుస్తారు. కోకిల కూయదిలాగ, ఏ పిట్టా కూయదు. మనిషి పిల్ల మాత్రమే పాడగలదు. ప్రిస్కిల్లాకు కళ్లు చెమర్చాయి, అందుకు సిగ్గుపడలేదు.

పాట మధ్యలో పలాస నుంచి ఎవరో యూట్యూబు మనిషి ఫోను పట్టుకుని వచ్చాడు. "అమ్మా, ఒక్క బైటు, రెండు మాటలు చెప్పండి" అన్నాడు. అప్పలమ్మ పిల్లల్ని పక్కకు జరగమంది. లోపలికెళ్లి దోసిట్లో ఉప్పు పట్టుకొచ్చింది. కళ్లు పెద్దవి చేసింది. ఎవరూ చెప్పకుండానే. ప్రిస్కిల్లా అది చూసింది. చూసి ఏమనుకుంది? ఈ పత్రికలవాళ్లు ఎంత పాడుచేశారో అమాయకురాల్ని అనుకుంది. తప్పంతా పత్రికదే అనుకోవడం ఆవిడకు అలవాటు, ఉద్యోగం కూడా అదే.

సంబరాల రోజు మధ్యాహ్నానికే పిల్లలు రైలు దిగారు. తెల్లచొక్కాలు, నీలం గౌన్లు, నూనె రాసి దువ్విన తలలు. కోట దగ్గరి కల్యాణమండపంలో వెనక వరసల్లో ఒద్దికగా కూర్చున్నారు. మెర్సీ మాత్రం కుర్చీ అంచున కూర్చుంది, పిలవగానే లేవాలి కదా మరి. రెండో వరసలో సంగీతం పెద్దలు ఉన్నారు. ప్రిస్కిల్లా వాళ్లను వేలుపెట్టి చూపించింది. "ఆల్లకి వినపడాలే" అంది. "వినపడతాది అక్కా" అంది మెర్సీ.

అప్పుడు వేదిక చూసింది ప్రిస్కిల్లా. థర్మాకోలుతో గుండ్రటి గోతులు చేసి, నీలం గుడ్డ పరిచి, చుట్టూ ఉప్పు చల్లారు. వెనక తెర మీద అప్పలమ్మ ముఖం, ఇల్లంత. నౌపడ ఉప్పు మడి నలుచదరంగా ఉంటుందనైనా ఈ మహానుభావులకు తెలియదు. మధ్య గోతి పక్కన ఎత్తు పీట మీద, ఎవరు కొనిచ్చారో, తెల్ల పట్టుచీరలో అప్పలమ్మ కూర్చుని ఉంది.

ముఖ్య అతిథి మాట్లాడాడు. ఆ తల్లి పాడితే ఉప్పు గుంటలు పులకించాయన్నాడు. రెండో ఆయన లేచి, పులకించడమే కాదు పరవశించాయన్నాడు. మూడో ఆయనకు మాట మిగల్లేదు, పులకించి పరవశించాయన్నాడు. పిండి కొద్దీ రొట్టె. ఆ ముగ్గురిలో ఒక్కడూ అప్పలమ్మ పాట విన్న పాపాన పోలేదు. తర్వాత యాంకరు రాజకుమారి మైకు పట్టుకుంది. టీవీలో మాట్లాడే తెలుగు, ప్రతి మాట చివరా నవ్వు.

"అమ్మా, మా అందరి మనసుల్లో ఉన్న ప్రశ్న. మీరు గుంటలకు పాట నేర్పారట. ఆ గుంటల గురించి చెప్పండమ్మా."

ప్రశ్న వచ్చేసింది. జగన్నాధం మాట నిలబెట్టుకున్నాడు. పక్క తెర దగ్గర నిలబడి పిల్లల్ని పిలవడానికి సిద్ధంగానే ఉన్నాడు, ఆ మాటకొస్తే. వెనక వరసలో మెర్సీ సగం లేచింది.

అప్పలమ్మ హాలంతా కలియజూసింది. ముందు కెమెరాల వరస ఉంది. ఆ వెనక పట్టుపంచెలు, పట్టుచీరలు, ఎదురుచూస్తున్న ముఖాలు. ఇంతమంది ఇంత నిశ్శబ్దంగా ఆవిడ నోటికేసి ఎన్నడూ చూడలేదు. చర్చిలో కూడా.

"నేర్పానండి" అంది.

నేర్పినాను అనలేదు. ప్రిస్కిల్లా చెవికి ముందు తగిలింది ఆ తేడాయే. పెద్దమ్మ నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. అది నౌపడ మాట కాదు, అట్ట మీద మాట.

"నాకు ఎవరూ లేరండి" అని సాగించింది అప్పలమ్మ, ఆగి ఆగి, పుస్తకం చదువుతున్నట్టు. "ఎండలో ఒక్కదాన్నే. సాయంసంధ్యలో గట్టు మీద కూర్చుని ఉప్పు గుంటలకు పాట నేర్పాను. గుంటలు విన్నాయి. మనిషికి నేర్పడం ఎవరికైనా వస్తుందండి. నీటికి నేర్పడం..." ఇక్కడ కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. నిజంగానే వచ్చాయి. "గుంటలే నా పిల్లలండి."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. పేపర్లో రోజూ దద్దరిల్లే హాలు ఇన్నాళ్లకు నిజంగా దద్దరిల్లడం ప్రిస్కిల్లా చూసింది. రాజకుమారి కళ్లు తుడుచుకుంది. జగన్నాధం ప్రిస్కిల్లాకేసి చూసి, నేనేం చెయ్యనమ్మా అన్నట్టు చేతులు తిప్పాడు. ముఖంలో మాత్రం పెళ్లికళ.

ప్రిస్కిల్లాకు లేచి అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? హైదరాబాదువాడి మీదైతే అరవగలదు, గంగులు మీద అరవగలదు, ఈ పట్టుపంచెల మీద రాత్రీపగలూ అరవగలదు. పెద్దమ్మ మీద అరవడానికి మాత్రం మాట దొరకలేదు. అమాయకురాలు అనుకుంది ఇన్నాళ్లూ. అమాయకత్వం కాదది. ఆవిడకు గుంటలంటే ఏమిటో అందరికన్నా బాగా తెలుసు. తెలిసీ, చప్పట్లు ఎటున్నాయో చూసి అటే వెళ్లింది. గంగులు చేసిన పనీ అదే. ఆ అసహ్యాన్ని గంగులు మీద పెట్టుకున్నంత సులువుగా ఇక్కడ పెట్టుకోలేకపోయింది, అలాగని దిగమింగనూ లేకపోయింది.

పక్కకు చూసింది. మెర్సీ నెమ్మదిగా కుర్చీలో వెనక్కి జారి కూర్చుంది. ఏడవలేదు. నరేష్ ఏదో అడగబోతే మోకాలి మీద చెయ్యేసి ఆపింది.

"ఇప్పుడు ఆ పాట" అంది రాజకుమారి.

అప్పలమ్మ గొంతు సవరించుకుంది. పాట మొదలెట్టగానే మనిషి మళ్లీ మామూలు మనిషైపోయింది. ఆ పాటకు పుస్తకం భాష రాదు. అరుగు మీద కూర్చున్నట్టే కుదురుగా కూర్చుని ఎత్తింది.

"ఎండలోన నీల్లెండితే ఏటౌతాది?"

అడిగి, ఆగింది. ఎన్నో ఏళ్ల అలవాటు. అడగడం ఆవిడ వంతు, చెప్పడం పిల్లల వంతు. ఆ రెండో ముక్క ఆవిడ ఏనాడూ పాడలేదు. తల పిల్లలున్న వరసలకేసి తిరిగింది.

వెనక వరసల్లో ఒక్క పెదవి కదల్లేదు. చిన్నపిల్లలు మెర్సీకేసి చూశారు. మెర్సీ పెదాలు బిగించి ఎదురుగా తెరకేసి చూస్తోంది. ప్రిస్కిల్లాకు ఆ పాట చిన్నప్పటి నుంచీ వచ్చు. నోరు తెరిస్తే వస్తుంది. పెద్దమ్మ పరువు నిలబడుతుంది. తెరవలేదు.

అప్పలమ్మ మళ్లీ ఎత్తింది.

"కల్లలోన నీల్లెండితే ఏటౌతాది?"

ఎవరూ ఏమీ అవుతాదనలేదు. అప్పలమ్మ నోరు తెరిచి, మూసి, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆ ముఖం ప్రిస్కిల్లా చూడలేకపోయింది.

అప్పుడు ముందు వరసలో ముఖ్య అతిథి లేచి నిలబడి చప్పట్లు మొదలెట్టాడు. చూసి రెండో ఆయన లేచాడు. సంగీతం పెద్దలు లేచారు. హాలంతా లేచింది. "ఎంత గొప్ప మౌనం!" అంది రాజకుమారి మైకులో. "జవాబు లేని ప్రశ్నను మన గుండెల్లో వదిలేశారు." గంగులు వేదిక అంచున నిలబడి ఫోనులో టకటకా కొట్టేస్తున్నాడు. మర్నాటి హెడ్డింగు ఏమిటో ప్రిస్కిల్లా అక్కడి నుంచే చదవగలదు.

శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. ఆ చప్పట్లన్నిటి మధ్యా అప్పలమ్మ నమస్కారం పెట్టడం కూడా మరిచిపోయింది.

బయట రోడ్డు మీద ఆటోల కోసం నిలబడ్డారు. స్టేషనుకు వెళ్లాలి. పిల్లలు ఒక ముద్దగా ఓ పక్క, అప్పలమ్మ ఓ పక్క. శాలువా భుజం మీద నుంచి జారి కొంగు రోడ్డుకు ఆనుతోంది. కాసేపటికి ఆవిడే కదిలి పిల్లల దగ్గరకు వచ్చింది. గొంతులో పట్టుచీర లేదు, కెమెరా లేదు. ఇంటి దగ్గర గొంతు.

"ఏటే మెర్సీ, నాను ఎత్తితే మీరు అందుకోనేదేటే? నలుగుట్లో నన్నలాగ వొదిలీసినారేటే?"

మెర్సీ ఆవిడ ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. తెలియని సంగతి అడిగినట్టే అడిగింది.

"గుంటలు పాడతాయేటి మామ్మా?"